దిండు మేస్త్రీ, ఏడో ఏటి సర్వీసు

ఖరీదైన స్పోర్ట్స్ కార్లు బాగుచేసే ఆ వర్క్‌షాపులో అతన్ని అందరూ దిండు మేస్త్రీ అనేవారు. మనిషి పొట్టి. తక్కిన మెకానిక్కులైతే సీటు కింది కడ్డీ లాగి ముందుకో వెనక్కో జరుపుకొని, పనయ్యాక ఎలా ఉంటే అలా వదిలేసేవారు. ఇతను సీటు ముట్టుకునేవాడు కాదు. అక్క కుట్టిచ్చిన దూది దిండు వీపు వెనక పెట్టుకొని నడిపేవాడు. ఎవరైనా అడిగితే, "ఇంకొకరు కుదురుగా కూర్చున్న చోటు మనమెందుకు కదపాలి?" అనేవాడు.

"పెళ్ళికొడుకు దిండుతో సహా బయల్దేరాడర్రా!" అని స్పేర్‌పార్టుల గదిలోని పొడుగాటాయన ఏడిపించేవాడు. ఆయన్ని నిచ్చెన అనేవారు.

"నాకు దిండు చాలు. నీకైతే కారు పైకప్పుకు కన్నం పెట్టాలి," అనేవాడు మేస్త్రీ.

యాభై రెండేళ్ళు వచ్చినా పెళ్ళి కాలేదు. ఉండేది ఒంటి గది. అందులో రెండు కుర్చీలున్నా రెండోదాని మీద ఉతికిన బట్టలే కూర్చునేవి. ఆదివారం అక్క ఫోను చేసేది. "తిన్నావురా?" అంటే "ఆ, తిన్నానక్కా," అని వెంటనే అనేవాడు. "ఏం తిన్నావు?" అంటే మాత్రం కాసేపు వెతుక్కునేవాడు.

ఆ వర్క్‌షాపు కార్లు తయారుచేసే కంపెనీదే; కొన్న కారుకు ఏడేళ్ళు సర్వీసు ఉచితం. ఏడాదికోసారి మేస్త్రీయే ఇంటికి వెళ్ళి కారు తెచ్చి, నూనె మార్చి, సర్వీసు పుస్తకంలో ముద్ర వేసి, మళ్ళీ దిగబెట్టి వచ్చేవాడు. వాటిలో ఒక బూడిదరంగు కారంటే అతనికి ప్రాణం. దాన్ని కొన్న పెద్దాయన రెండేళ్ళు రోజూ నడిపి, మూడో ఏట గుండెపోటుతో పోయారు. భార్యకు నడపడం రాదు. అప్పటినుంచీ అది షెడ్డులోనే ఉంది. ఆవిడ ఒకసారి అన్న మాట మేస్త్రీ మరిచిపోలేదు: "ఆయన చివరిసారి దిగినప్పుడు సీటెక్కడుందో ఇప్పటికీ అక్కడే ఉంది. మీ పుణ్యమే మేస్త్రీ."

ఏడో ఏడు వచ్చింది. ఆ ఉదయం మేస్త్రీ బయల్దేరుతుంటే కౌంటర్ దగ్గరి అమ్మాయి పిలిచింది. "బాబాయ్, ఆ బూడిదరంగు బండికి ఇదే ఆఖరు సర్వీసట. అమ్మేస్తున్నారంట. ఆవిడ పిల్లలు వచ్చి బేరం కుదిర్చారు."

"అలాగా," అన్నాడు మేస్త్రీ. వట్టి చేతులతోనే వెళ్ళి బస్సెక్కాడు. దిండు వర్క్‌షాపు గోడ కొక్కేనికే వేలాడుతూ ఉండిపోయింది.

ఆవిడ గేటు దగ్గరే ఎదురుచూస్తోంది. మంచినీళ్ళిచ్చింది. "ఎప్పటినుంచో అడగాలనుకుంటున్నా. ఏడేళ్ళు ఊరికే చేస్తే మీ కంపెనీకి ఏమొస్తుంది మేస్త్రీ?"

"ఊరికే ఏముందమ్మా, కొన్నరోజే ధరలో కలిపేసుంటారు. ఇలాంటి కార్లు మోజుపడి కొంటారు, మూల పెడతారు. నడవని బండికి కూడా నూనె పాడవుతుంది, చక్రం ఒకవైపే అణిగిపోతుంది. అది అలాగే ఇంకొకరి చేతికెళ్తే, తిట్టేది మూల పెట్టినవాళ్ళని కాదు, తయారుచేసినవాళ్ళని. ఏడు ముద్రలుంటే తర్వాత కొనేవాడు ధైర్యంగా కొంటాడు. పైగా ఏటా మా గుమ్మం తొక్కితే కొత్త కారు కంటపడకపోతుందా!"

"నాకు కంటపడింది మీరొక్కరే," అని నవ్వింది ఆవిడ.

మేస్త్రీ గ్లాసు ఆవిడ చేతికిచ్చేసి, గబగబా కారెక్కాడు. కాళ్ళు పెడళ్ళకు అందలేదు. చెయ్యి దానంతటదే సీటు కిందికి వెళ్ళి కడ్డీ లాగింది. సీటు టకటకా మెట్టు మెట్టుగా ముందుకు జరిగింది. వీధి చివర మలుపు తిరిగేటప్పుడు వీపుకు దిండు మెత్తదనం తగల్లేదు. అప్పుడు తెలిసింది చేసిన పని.

ఎన్ని మెట్లు జరిగింది? నాలుగా? ఐదా? లెక్కపెట్టలేదు. ఆయన కూర్చున్న చోటు ఈ లోకంలో ఇంకెక్కడా రాసి లేదు. మేస్త్రీ బండి పక్కకు ఆపి, స్టీరింగుకు నుదురు ఆనించి, "తండ్రీ, దారి చూపించు," అన్నాడు.

సర్వీసంతా అయ్యాక, కాళ్ళ కింది పట్టా దులపబోయి ఆగిపోయాడు. పెడళ్ళ దగ్గర రూపాయి బిళ్ళంత మేర నూలు అరిగిపోయి ఉంది. అది ఆయన మడమ ఆనిన చోటు. సీటుకు బాగా దగ్గరగా, పక్కపక్కనే ఇంకో రెండు లేత మరకలున్నాయి. చిన్న పాదాలవి. పెడళ్ళు అందని పాదాలు. ఆ షెడ్డులో, ఆ సీట్లో ఆవిడ వచ్చి కూర్చుంటోందని మేస్త్రీకి అర్థమైంది.

పరుగున వెళ్ళి నిచ్చెనను పట్టుకొచ్చాడు. "ఆ పెద్దాయన అచ్చం నీ అంత ఉండేవాడు. ఎక్కు. మడమ ఆ అరిగిన చోట పెట్టు. హాయిగా ఉండేదాకా సీటు వెనక్కి జరుపు."

"ఇన్నేళ్ళకు నా పొడుగు పనికొచ్చిందన్నమాట!" అన్న నిచ్చెన, సంగతి విన్నాక మాత్రం మళ్ళీ నవ్వలేదు. మూడుసార్లు దిగి ఎక్కాడు. మూడుసార్లూ సీటు ఒకే మెట్టు దగ్గర ఆగింది. "ఇదేరా. నా మోకాలు చెబుతోంది," అన్నాడు.

సాయంత్రం మేస్త్రీ వీపుకు దిండు పెట్టుకొని కారు దిగబెట్టాడు. తాళంచెవి ఇచ్చేముందే చెప్పేశాడు. "అమ్మా, తప్పు చేశాను. పొద్దున సీటు జరిపాను. పట్టా అరిగిన చోటు చూసి మళ్ళీ సరిచేశాను. అదే చోటో కాదో..." అంటూ పట్టా మీది గుర్తులు చూపించాడు.

ఆవిడ వంగి, ఆయన మడమ అరగదీసిన చోటును వేలితో తడిమింది. ఇన్నేళ్ళూ అది ఆవిడ కంటపడనే లేదు. సీట్లో కూర్చొని తలుపు వేసుకుంది. మేస్త్రీ షెడ్డు బయట చేతులు కట్టుకొని నిలబడ్డాడు. కుళాయి బొట్టు బొట్టుగా కారుతోంది. చాలాసేపటికి తలుపు తెరుచుకుంది.

"ఇదే మేస్త్రీ. సరిగ్గా ఇక్కడే," అంది.

నిజంగా అదే చోటో, మేస్త్రీ మనసు నొచ్చుకోకూడదని అందో అతనికి తెలియలేదు.

"ఎల్లుండి వచ్చేవాళ్ళు ఎలాగూ జరుపుకుంటారు. జరుపుకోనీండి. బండికి ఏడు ముద్రలున్నాయి, అది వాళ్ళది," అంటూ ఆవిడ పట్టాను జాగ్రత్తగా బయటికి తీసి, చంటిబిడ్డలా చేతుల్లోకి తీసుకుంది. "ఇది మాత్రం ఇవ్వను."

గేటుదాకా వచ్చి, "ఇక రానవసరం లేదు కదూ మీకు," అంది.

"లేదమ్మా."

బస్సులో కిటికీ పక్క సీటు దొరికింది. దిండు పక్కసీట్లో పెట్టుకున్నాడు. రెండు స్టాపుల తర్వాత సంచీతో ఎక్కినాయన, "ఇక్కడెవరైనా వస్తారా అండీ?" అని అడిగాడు.

"ఎవరూ రారండీ, కూర్చోండి," అని మేస్త్రీ దిండు తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.