కపుర్రో మాస్టారు వాయించని ఆఖరి దెబ్బ

సంగీత చరిత్రలో మహా మలుపులని చెప్పుకునేవి చాలా ఉన్నాయి. గ్రంథకర్తలు వాటికి తేదీలు వేసి, బొమ్మలు అంటించి, అట్టలు కట్టి భద్రపరిచారు. 1957 ఏప్రిల్లో, బ్యూనస్ ఎయిర్స్‌లోని బర్రాకాస్ పేటలో, ఒక క్లబ్బు వెనకగదిలో టాంగోకి ఆఖరి దెబ్బ రద్దయిన సంగతి మాత్రం ఏ గ్రంథంలోనూ లేదు. రద్దు చేసినవారు మా బృందం పెద్ద, ఎవరిస్తో కపుర్రో మాస్టారు. ఆ సమయంలో పియానో ముందు నోరు తెరుచుకుని కూర్చున్నవాణ్ణి నేనే గనక ఈ లోటు పూడ్చే భారం నా మీద పడింది.

టాంగో ఎలా ముగుస్తుందో మా పేటలో పాలు తాగే పిల్లలకి కూడా తెలుసు. పాట నెమ్మదిస్తుంది, ఒక్క క్షణం ఊపిరి బిగబడుతుంది, ఆపైన రెండు దెబ్బలు: చాన్, చాన్. ఆడుతున్న జంట మొదటిదానికి కాలెత్తుతుంది, రెండోదానికి దించుతుంది. ఆ రెండో దెబ్బే ఒక్కో వాద్యబృందానికి సంతకం. ఒకరు దాన్ని గట్టిగా కొడతారు, ఒకరు మెత్తగా, ఒకరు కాస్త ఆలస్యంగా. కపుర్రో మాస్టారు అసలు కొట్టరు. మొదటి చాన్‌తో అందరం చేతులు వెనక్కి తీసుకోవాలి. రెండోది, నిలువెత్తు బేసు ఫిడేలు వాయించే నికనోర్ ఒక్కడే, తనకి ఎప్పుడు తోస్తే అప్పుడు వేస్తాడు.

"ఎప్పుడు తోస్తే అప్పుడంటే ఎలా మాస్టారూ?" అన్నాను ఆ మొదటిరోజే.

"ఒరే తీతో, చావు నీకు చెప్పి వస్తుందా?"

"రాదండి."

"ముగింపు కూడా అంతే. అందరూ ఒకేసారి ధడాలుమని ముగించడం గొడ్ల మంద దొడ్లోకి దూరడం లాంటిది. కళ అంటే ఎదురుచూపు. ఏమంటావు నికనోర్?"

నికనోర్ తన గుబురు మీసాల్లోంచి నవ్వి, "అంతే మరి," అన్నాడు. ఆయన దేనికైనా అంతే మరి అనేవాడు. బేసు వాయించేవాణ్ణి ప్రపంచంలో ఎవరూ ఏమీ అడగరు గనక ఆ రెండు మాటలతో ఆయనకి జీవితం సాఫీగానే గడిచిపోయింది.

మాస్టారు పగలు తోళ్ల కార్ఖానాలో గుమాస్తా. సాయంత్రం బాందోనియోన్ తీసేవారు. హార్మోనియానికి దూరపు చుట్టమైన ఆ పెట్టెని మోకాలి మీద పెట్టుకుని రెండు చేతులా లాగుతుంటే, కార్ఖానా వాసనా దుఃఖమూ సమపాళ్లలో బయటికి వచ్చేవి. బేసు అన్ని బృందాల్లోనూ వెనక నిలబడుతుంది. మాస్టారు దాన్ని ముందుకి లాగించి, సరిగ్గా తన మోకాలికి ఎదురుగా నిలబెట్టించారు. దాంతో ఫిడేళ్లవాళ్లు జనానికి కనపడకుండా పోయారు. ఎందుకని అడిగితే, "అందగాళ్లు ముందుండాలి," అన్నారు. ఫిడేళ్లవాళ్లు వారం రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు.

అసలు ఆ ఏడాది బృందం పెట్టడమే ఒక ఆత్మహత్యా ప్రయత్నం. కుర్రకారుకి విదేశీ గిటార్ల పిచ్చి పట్టింది. పెద్ద పెద్ద బృందాలే విడిపోయి, ఘనులైన విద్వాంసులు బీమా పాలసీలు అమ్ముకుంటున్నారు. క్లబ్బుల్లో ఒక బల్ల, దాని మీద రికార్డు మిషను పెడితే చాలు. దానికి మందు పొయ్యనక్కర్లేదు, అది అలగదు. అలాంటి కాలంలో మేము ముగింపు లేని టాంగోతో బయల్దేరాం.

ఫలితాలు వెంటనే కనిపించాయి. మొదటి చాన్‌కి హాల్లో ఆడవాళ్లందరూ కాలెత్తారు. ఎత్తినవాళ్లు ఎత్తినట్టే ఉన్నారు. నికనోర్ కళ్లు అరమూసి ఏదో ఆలోచిస్తున్నాడు. ఒకావిడకి పిక్క పట్టేసింది. ఒకాయన మూత్రానికి వెళ్లొచ్చాడు. క్లబ్బు కుర్రాళ్లు ఖాళీ గ్లాసులు ఏరుకున్నారు. ఒక శనివారం ఆ రెండు దెబ్బల సందులోనే ఓ బ్రహ్మచారి తనతో ఆడుతున్నావిడ దగ్గర పెళ్లి మాట ఎత్తి, ఆవిడ కాదనేసి, ఆయన కోటు తీసుకుని వెళ్లిపోయాక దుమ్మని పడింది ఆఖరి దెబ్బ. అది మాత్రం బాగా కుదిరిందని అందరూ ఒప్పుకున్నారు.

అందరికంటే నలిగిపోయినవాడు మా గాయకుడు రోలాందో. పాట కాగానే చప్పట్లు పడేవి. అతను గుండె మీద చెయ్యేసుకుని, నడుం వంచి నమస్కరించేవాడు. సరిగ్గా తల నేలవైపు వంగినప్పుడు వెనక నుంచి దుమ్. జనం ఘొల్లుమనేవారు.

"నేను గాయకుణ్ణా, సర్కసులో బఫూన్నా, మాస్టారూ?"

"ఇంకా నిర్ణయం కాలేదు నాయనా. కాస్త నిదానంగా వంగు."

క్లబ్బు అధ్యక్షుడు సనోనీ కూడా వచ్చాడు. చేతిలో పేటవాళ్ల వారపత్రిక ఉంది. అందులో ఒక కవి, మా ముగింపులోని నిశ్శబ్దం ఈ మహానగరపు ఒంటరితనమని రాశాడు.

"చూశారా!" అన్నారు మాస్టారు.

"చూశాను మాస్టారూ. మా సభ్యులకి ఒంటరితనం ఇళ్లలో సమృద్ధిగా ఉంది. ఇక్కడికి కాలెత్తి దించుకోవడానికి వస్తున్నారు. దించనివ్వండి. లేకపోతే వచ్చే నెల నుంచి రికార్డు మిషను పెట్టేస్తాను."

మాస్టారు వినలేదు. మిషను వచ్చింది. అది రెండు దెబ్బలూ ఠంచనుగా కొట్టేది.

ఇక మిగిలింది ఒక్కటే దారి. ఒక రేడియోవాళ్లు గురువారం సాయంత్రాలకి కొత్త బృందం కోసం చూస్తున్నారు. అది దొరికితే బతుకుతాం. లేకపోతే నేను మా బావమరిది మేకుల దుకాణంలో కూర్చోవాలి. రోలాందో అప్పటికే బీమా పాలసీల కాగితాలు బట్టీ పడుతున్నాడు. వెళ్లి వాయించాం. గాజుగదిలో కూర్చున్న అధికారి బాగానే విన్నాడు. విని, మైకులో అన్నాడు: "బాగుంది. కానీ చివర అందరూ కలిసి ముగించండి. అలా అయితే గురువారాలు మీవే."

మేమంతా మాస్టారి చుట్టూ మూగాం.

"ఒక్క దెబ్బ మాస్టారూ!" అన్నాను. "ఒకే ఒక్క దెబ్బ. మీ కళని మిగతా పాటంతా పరుచుకోండి."

"మా ఆవిడ మేకులమ్మే తమ్ముణ్ణి ఆదర్శంగా చూపిస్తోందండి," అన్నాను మళ్లీ, ఆయన కదలకపోయేసరికి.

మాస్టారు మా ముఖాలు ఒక్కొక్కటే చూశారు. ఆ ముఖాలు చూస్తే ఎవరికైనా మనసు కరుగుతుంది; ముఖ్యంగా మధ్యాహ్నం భోజనం మానేసి వచ్చిన ఫిడేళ్లవాళ్లవి. చివరికి, "సరే, కలిసే ముగిద్దాం," అన్నారు. రోలాందో ఆయన చెయ్యి ముద్దుపెట్టుకున్నాడు.

"ఇంకో సంగతి," అంది మైకు. "బేసు మైకులో మరీ మోగుతోంది. మూల ఆ కంబళి తెర వెనక్కి పంపండి."

మాస్టారి ముఖం పాలిపోయింది. "బేసు నా ముందే ఉండాలి."

"రేడియోలో ఎవరు ఎక్కడుంటే ఎవరికి కనపడుతుంది సార్?"

మాస్టారు మా ముఖాలు మళ్లీ ఒకసారి చూసి తల ఊపారు. ఇద్దరు కుర్రాళ్లు బేసునీ నికనోర్‌నీ తెర వెనక్కి నడిపించారు. వెళుతూ ఆయన "అంతే మరి," అన్నాడు. మాస్టారు తెర పక్కకి వంగి, కనపడేలా చెయ్యి ఊపి పాట ఎత్తించారు.

అంత బాగా మేము ముందెప్పుడూ వాయించలేదు. పాట నెమ్మదించింది. ఊపిరి బిగబడింది. చాన్, చాన్. అందరం ఒకే సుత్తితో ఒకే మేకుని కొట్టినట్టు ఒక్కటిగా పడ్డాయి. గాజు వెనక అధికారి బొటనవేలు లేచింది.

తెర వెనక నుంచి దుమ్, దుమ్, దుమ్, దుమ్.

నికనోర్ ఆగలేదు. నిదానంగా, నమ్మకంగా, నిండుగా, నడుస్తున్న మనిషిలా వాయిస్తూనే ఉన్నాడు. పాట అయిపోయిందని ఆయనకి తెలియదు. ఎందుకు తెలియదో ఒక్కొక్కరికీ తడుతుంటే మేము ఒకరి ముఖం ఒకరు చూడలేకపోయాం. ఆయనకి వినపడదు. ఎన్నాళ్ల నుంచి వినపడదో దేవుడికీ మాస్టారికీ తెలియాలి. మాస్టారి మోకాలు ఆడుతుంటే చూస్తూ ఇన్నాళ్లూ లయ పట్టాడు. ఆఖర్న నెమ్మదించి, ఆగి పడే ఆ ఒక్క దెబ్బ మోకాలికి అందదు. అంతకుముందు ఆయన వాయించిన బృందంవాళ్లు ఆయన్ని దానికే పంపించేసి ఉంటారు. మాస్టారు ఆ దెబ్బని మా అందరి దగ్గర నుంచీ లాక్కుని ఆయన చేతికిచ్చేశారు. ఎప్పుడు వేసినా అదే సరైన సమయం.

అధికారి బొటనవేలు మెల్లగా కిందికి దిగుతోంది. మాస్టారు లేచారు. పెట్టెని పొట్టకి ఆనించుకుని, నికనోర్ ఎక్కడున్నాడో అక్కడి నుంచే పాట అందుకుని, నడుచుకుంటూ తెర వెనక్కి వెళ్లిపోయారు. వెళుతూ మా వంక ఒక చూపు చూశారు. ఫిడేళ్లు లేచాయి. నేనూ వేళ్లు వేశాను. రోలాందో మాటలు మరిచిపోయి ఊరికే రాగం తీశాడు. ఇంకో చరణం మొత్తం వాయించాం. పాట నెమ్మదించింది. చాన్.

అందరం చేతులు వెనక్కి తీసుకున్నాం. గాజు వెనక అధికారి ఏదో అరుస్తున్నాడు, లోపలికి వినపడలేదు. మేము ఎదురుచూశాం. నా జీవితంలో దేని కోసమూ అంత ఇష్టంగా ఎదురుచూడలేదు.

దుమ్.

కబురు పంపిస్తామన్నారు. అది ఎలాంటి కబురో మాకు తెలుసు. వీధి మలుపులో పిజ్జా దుకాణం గట్టు దగ్గర నిలబడి తలా ఒక ముక్క తిన్నాం. మా బృందం సంతాపసభ అదే. మాస్టారు ద్రాక్షసారా తేవడానికి లోపలికి వెళ్లారు. నికనోర్ నా భుజం మీద చెయ్యేసి, నా చెవి దగ్గరికి వంగి, గుసగుస అనుకుంటూ, అవతలి పేవ్‌మెంటు మీద బస్సు కోసం నిలబడ్డవాళ్లు తిరిగి చూసేటంత గొంతుతో అన్నాడు:

"ఎవరితోనూ అనకు తీతో. మాస్టారికి ముగింపులు గుర్తుండవు. పాపం, వయసు. నేనుండబట్టి ఇన్నాళ్లూ ఆ ఆఖరి దెబ్బ ఎలాగో వేసి, ఆయన పరువు కాపాడుకొచ్చాను."

మాస్టారు గ్లాసులు పట్టుకుని మా వెనకే నిలబడి ఉన్నారు. నెమ్మదిగా చుట్టూ తిరిగి, తన పెదవులు కనపడేలా నికనోర్‌కి ఎదురుగా వచ్చి నిలబడ్డారు.

"నిజమే నికనోర్," అన్నారు. "ఈ మధ్య మతిమరుపు మరీ ఎక్కువైంది."

"అంతే మరి," అన్నాడు నికనోర్, ఓదార్పుగా.

గురువారం సాయంత్రాలు రేడియోవాళ్లు ఒక వంటల కార్యక్రమానికి ఇచ్చారు. అది పదకొండేళ్లు నడిచింది.