మేజరు గారి కాల్షియం

సుల్తానాబాద్ కైలాసం 1969లో పటాలంలో చేరాడు. తుపాకీ ఇస్తారనుకుంటే మందుల గది తాళాలిచ్చారు. ఇరవై ఏళ్లు మిలిటరీ ఆస్పత్రిలో కంపౌండరుగా గోళీలు పంచాడు.

అక్కడ రోగాలు మారేవి కావు. డాక్టరు మారినప్పుడల్లా మందు మారేది. మొదటి డాక్టరు మేజరుకు ఐరన్ మీద గురి. తల తిరిగినా ఐరనే, ఇంటి మీద బెంగ పెట్టుకున్నా ఐరనే. ఆయన బదిలీ కాగానే జవాన్ల నెత్తుటిలో లోపం పోయి ఎముకల్లో లోపం మొదలైంది. కొత్త మేజరు కాల్షియం మనిషి.

ఆ రోజుల్లో భైంసా జవాను మొండయ్య పాదాల నొప్పితో కుంటుకుంటూ వచ్చాడు. మేజరు అతని ముఖం చూసి కాల్షియం రాశాడు. నెల తర్వాత రెట్టింపు రాశాడు. మూడో నెల మొండయ్య మందుల కిటికీ దగ్గర కూలబడ్డాడు.

"అన్నా, ఇగ నాతోని కాదే. ఒళ్లంత సున్నం నిండిందిగని నొప్పి పోలే."

మన వైపు మాట చెవిన పడి కైలాసం బయటికి వచ్చాడు.

"జర బూట్లు ఇప్పు."

వేళ్లు ముడుచుకుపోయి ఉన్నాయి. మడమలు పుండ్లుపడ్డాయి.

"గిది నీ సైజేనా?"

"నాది తొమ్మిది. ఎనిమిదే ఉన్నయన్నరు. మేజర్ సాబ్ అడగలే, నేను చెప్పలే."

కైలాసం స్టోరు హవల్దారును బతిమాలి తొమ్మిదో నంబరు బూట్లు తెప్పించాడు. పది రోజుల్లో మొండయ్య పరుగెత్తాడు.

ఆ పరుగు చూసి మేజరు మురిసిపోయి, కాల్షియం మహిమ మీద నాలుగు పేజీల నివేదిక రాశాడు. కైలాసం ధైర్యం చేసి బూట్ల సంగతి చెప్పాడు. మేజరు శ్రద్ధగా విన్నాడు. పెద్ద బూట్లు మోయడానికి ఎముకల్లో బలం ఉండాలి కదా అని ఆ ముక్క కూడా నివేదికలో చేర్చాడు. ఆయనకు మెచ్చుకోలు ఉత్తరం వచ్చింది. పటాలమంతటికీ రోజుకో గోళీ వచ్చింది.

1989లో కైలాసం రిటైరై ఊరు చేరాడు. ఇక గోళీల జోలికి పోనని భార్య నర్మదకు చెప్పాడు. వారం తిరక్కుండానే ముసలి గంగుబాయి వచ్చింది. నెల రోజులు నాట్లు వేసి ఆమె మోకాళ్లు పట్టేశాయి.

"పది దినాలు పొలంల దిగకు పెద్దవ్వా. తక్కువైతది."

"గోళీ ఇయ్యవా? మిల్ట్రీల ఇరవై ఏండ్లు ఏం నేర్చినవ్ రా?"

ఆమె లేచి వెళ్లబోతుంటే నర్మద తన కాల్షియం సీసా తెచ్చి భర్త చేతిలో పెట్టింది. కైలాసం పది గోళీలు లెక్కపెట్టి గంగుబాయి చేతిలో పోశాడు.

"దినానికొక్కటి పెద్దవ్వా. గని బురదల కాలు పెడితే గీ మందు పనిచెయ్యది."

పదకొండో రోజు గంగుబాయి ఆ గోళీ మహిమ ఊరంతా తిరిగి చెప్పింది. ఆ తర్వాత కైలాసం వాకిట్లో జనం తగ్గలేదు. ఏం తింటున్నారు, ఏం పని చేస్తున్నారు అని ఆయన అడిగినంతసేపూ విసుక్కునేవారు. గోళీ చేతిలో పడ్డాకే మొహం విప్పేవారు.