అర మిల్లీమీటరు మీద కొసరు

కౌల్ బజార్‌లో నేను బేరమాడి ఓడిన అంగడి లేదు. ఆ మాటకొస్తే, మా నాన్న బండి ఇంజనును చంపిన బేరం కూడా నేను గెలిచిందే.

మాది బట్టలంగడి. మీటరు కొలిచాక బెత్తెడు కొసరు వేయడం, కొనేచోట కొసరు పిండుకోవడం ఉగ్గుతో పట్టిన అలవాటు. నాన్న పోయాక ఆయన పాత టూ స్ట్రోక్ మోటారు సైకిలు నా చేతికొచ్చింది. పెట్రోలు తాగేది, సండూరు ఎత్తుల్లో ఆయాసపడేది. నాన్న స్నేహితుడైన లేత్ మేస్త్రీ దగ్గరికి తీసుకుపోయాను.

ఆయన ఇంజను పైమూత, అదే సిలిండర్ హెడ్డు, విప్పి లోపలివైపు వేలితో తడిమాడు.

"ఈడ అర మిల్లీమీటరు కోస్తానప్పా. లోపల జాగా తగ్గుతాది, గాలీ పెట్రోలూ గట్టిగా అదుముకుంటాయి, బాగా కాల్తాది. మైలేజీ వస్తాది, లాగుడూ వస్తాది."

కూలి తగ్గించమన్నాను. తగ్గలేదు.

"సరే మేస్త్రీ, కూలి నీ మాటే. కోతలో కొసరెయ్."

"ఇది గుడ్డనా ఏందప్పా? ఎక్కువ కోస్తే పెట్రోలు తనంతట తానే పేల్తాది. పిస్టను తట్టుకోదు."

"మా నాయన అడిగింటే వేసేవాడివి."

"మీ నాయన అడిగేవాడు కాదు" అన్నాడు.

అయినా లేత్ పక్కనే స్టూలేసుకుని కూర్చున్నాను. పొద్దుగూకేలోపు ఇంకో అర మిల్లీమీటరు రాలింది. "డబ్బాలో గులకరాళ్ల మాదిరి సప్పుడొస్తే ఆడికాడే ఆపెయ్" అని మాత్రం చెప్పాడు.

వారం రోజులు బండి గుర్రమే. పక్క అంగళ్లన్నిటికీ నా తెలివి వినిపించాను. ఎనిమిదో రోజు, వెనక భార్యను కూర్చోబెట్టుకుని తారానగర్ వైపు ఎత్తెక్కుతుంటే గులకరాళ్లు మోగాయి.

"ఏంది సప్పుడు? ఆపండి" అంది ఆమె.

"ఇంకొంచెం పోతే ఊరే" అన్నాను. దారిలో కూడా కొసరే.

పిస్టనుకు చిల్లి. హెడ్డుకు పగులు. బండిని లగేజీ ఆటోలో ఎక్కించి మేస్త్రీ ముందు దించాను. తిడతాడనుకున్నాను. పగులు పొడుగునా వేలితో తడిమాడు.

"కోసిన చెయ్యి నాది. తప్పు నాదేలేప్పా" అని గల్లా తెరిచి కూలి వెనక్కిచ్చాడు.

వద్దనాలి. నోరు తెరిచేలోపు చెయ్యి ముందుకెళ్లి పుచ్చుకుంది. అంగట్లో పెరిగిన చెయ్యి.

ఆ తర్వాత ఆయన హెడ్లు కోయడం మానేశాడని విన్నాను. డబ్బు తిరిగివ్వడానికి రెండుసార్లు పోయాను. రెండుసార్లూ టీ తెప్పించాడు, డబ్బు ముట్టలేదు.

లెక్క ఇదీ. ఆటో బాడుగ నేను కట్టాను. హెడ్డు నాన్నది, ఆ మోడలు ఇప్పుడు దొరకదు. తప్పు నాది, మేస్త్రీ మోస్తున్నాడు. కూలి మేస్త్రీది, నా దగ్గరుంది.