వీరమ్మ కూతురి శుభలేఖ

గోదావరి మీద రైలు వంతెనకు స్తంభాలు లేస్తున్న రోజులవి. రాజమహేంద్రవరంలో మిషను వాళ్ల ఇళ్ల వరుసలో చివరి గది దేవకుమారిది. లూథరన్ సంఘంలో ఎవరింట పెళ్లి కుదిరినా ముందు ఆ తలుపే తట్టేవారు. శుభలేఖ ఆమె చేత్తో రాసిందంటే ఆ ముచ్చటే వేరు. పెళ్లివారిని చాప మీద కూర్చోబెట్టి, ఏ ఊరివాళ్లో, ఏం పని చేసుకుంటారో, పిల్లకి ఏమిష్టమో నెమ్మదిగా అడిగేది. పడవ నడిపేవాళ్లయితే కాగితం అంచున తెరచాప ఎత్తిన పడవ వేసేది. కూలీనాలీ చేసుకునేవాళ్లయితే కోతకొచ్చిన వరి, బడిపంతులయితే గంటా పలకా. పెళ్లికొచ్చినవాళ్లు గుర్తుగా బైబిల్లో దాచుకోవడానికి అరచేతిలో పట్టేంత లేసు ముక్కలు కూడా అల్లేది. వధూవరుల పేర్లలోని మొదటి అక్షరాలు ఆ అల్లికలోనే కనిపించేవి.

పెళ్లివారు వచ్చిపోతున్నన్నాళ్లూ గది సందడిగా ఉండేది. కట్ట కట్టి చేతికిచ్చేశాక మళ్లీ తనూ, రంగు గిన్నెలూ మిగిలేవి. ఇంత బియ్యం ఉడకేసుకుని, గుమ్మంలో కూర్చుని తినేది. ముప్పై ఏళ్లు దాటినా ఆమెకి పెళ్లి చెయ్యాలని ఎవరికీ తోచలేదు. తోచడానికి ఆమెకి ఎవరూ లేరు.

అలాంటి సమయంలో పోలవరం వైపు మిషను బడిలో పంతులుగా పనిచేసే చిట్టియ్య వచ్చాడు. మేనకోడలి పెళ్లికి శుభలేఖలు రాయించుకోవాలని వచ్చినవాడు, పని అయిపోయాక కూడా రెండు మూడుసార్లు వచ్చాడు. ఈ పసుపు రంగు ఎలా తీశారు, ఈ నలుపు కాటుకేనా అని అడుగుతూ గుమ్మం దగ్గరే కూర్చునేవాడు. భార్య పోయి చాలా కాలమైంది. ఒకరోజు తలొంచుకుని అన్నాడు.

"మీరూ ఒక్కరికే వండుకుంటున్నారు, నేనూ ఒక్కడికే వండుకుంటున్నాను. మీకిష్టమైతే పాదిరిగారితో మాట్లాడతానండి."

దేవకుమారి అల్లుతున్న వరస పూర్తయ్యేదాకా తలెత్తలేదు. ఆ తరవాత, మాట్లాడమంది.

తన శుభలేఖ తానే రాసుకుంది. పాపికొండల మధ్య సన్నబడే గోదావరిని అంచు పొడుగునా వేసింది. వరుడి పేరు, అతని తల్లిదండ్రుల పేర్లు రాసింది. ఫలానావారి కుమార్తె అని రాయాల్సిన చోట కలం ఆగింది. ఎందరికో రాసిన మాటే అది.

ఆమె తల్లి కాలవ తవ్వకంలో మట్టి మోసేది. కలరా వచ్చి ఆ గుడిసెల్లోనే పోయింది. ఊరూపేరూ తెలియని చిన్నపిల్లని మిషను వాళ్లు చేరదీసి, దేవకుమారి అని పేరు పెట్టారు. తండ్రి ఎవరో ఆమెకి తెలియదు. "వీరమ్మా, నీ పిల్ల ఏడుస్తోందే" అని గట్టు మీంచి ఆడవాళ్లు కేకెయ్యడం మాత్రం గుర్తుంది. ఆ పేరు ఇంతవరకూ ఎక్కడా, సమాధి రాయి మీద కూడా, ఎవరూ రాయలేదు.

'కాలవ పనిలో చనిపోయిన వీరమ్మ కుమార్తె' అని రాసింది.

శుభలేఖ చూడ్డానికి చిట్టియ్య అక్క పాపాయమ్మ తమ్ముడితో కలిసి వచ్చింది. చదువు రాని అక్కకి చిట్టియ్య పైకి చదివి వినిపిస్తూ, ఆ చోటికొచ్చి తడబడ్డాడు.

పాపాయమ్మ కసురుకోలేదు. తండ్రి పేరు లేకుండా తల్లి పేరొక్కటే వేస్తే బంధువులు తలో మాటా అంటారని, సంఘపెద్దగారి పేరు వేసుకుంటే ఆయన కాదనరని నచ్చజెప్పింది. దేవకుమారి చిట్టియ్య వైపు చూసింది. అతను కాగితం మీంచి చూపు తిప్పలేదు.

"ఒక్క మాటే కదండీ. తీసేద్దాం," అన్నాడు.

"ఒక్క మాటేనండి. మా అమ్మది మిగిలింది కూడా అదొక్కటే."

ఆలోచించుకుని వస్తానని అతను పడవెక్కాడు. పెళ్లి కాస్త వాయిదా వేశారని కొన్నాళ్లకి పాదిరిగారు చెప్పారు. ఆగిపోయిందని ఎవరూ అనలేదు. వరద వచ్చి పోలవరం పడవలు నిలిచిపోయాయి. వరద తీసింది, పడవలు తిరిగాయి. దేవకుమారి సాయంత్రాలు రేవు మెట్ల దాకా వెళ్లి, ఎవరైనా పలకరిస్తే నీళ్లకొచ్చానని చెప్పేది. అతను రాలేదు.

మరుసటి ఏడు పాపాయమ్మ ఒక్కతే వచ్చింది. సామర్లకోట పిల్లతో తమ్ముడికి పెళ్లి కుదిరిందని, శుభలేఖలు ఇంకెక్కడైనా రాయించమని అతనన్నా తనకే మనసొప్పలేదని చెప్పి కళ్లు దించుకుంది.

దేవకుమారి చాప వేసింది. పిల్లకి ఏమిష్టమని అడిగింది. సన్నజాజులట. అంచు నిండా సన్నజాజులు వేసింది. పిల్ల తండ్రి పేరు, తాత పేరు తప్పులేకుండా రాసింది. లేసు ముక్కల్లో చిట్టియ్య పేరులోని అక్షరం అల్లుతున్నప్పుడు ఒకసారి ముడి జారితే విప్పి మళ్లీ వేసింది.

కట్ట తీసుకోవడానికి వచ్చిన రోజున పాపాయమ్మ వెంటనే లేవలేదు.

"మీ అమ్మ ఎలా ఉండేదమ్మా?" అంది.

ఆ మాట దేవకుమారిని అంతవరకూ ఎవరూ అడగలేదు. చెప్పబోయి, ముఖం గుర్తు లేదని అప్పుడే తెలిసినట్టు ఆగిపోయింది.

"చేతులకి ఎప్పుడూ మట్టి ఉండేదండి. ఆ చేతులతోనే ఎత్తుకునేది."

పాపాయమ్మ తలూపింది. ఇంకేదైనా అడుగుతుందేమోనని దేవకుమారి చూసింది. రేవులో పడవవాళ్లు కేక వేస్తున్నారు. పాపాయమ్మ కట్ట చంకన పెట్టుకుని, మెల్లిగా మెట్లు దిగి వెళ్లిపోయింది.