ఊరంటే ఎవరని అడిగిన మా అవ్వ

నా చిన్నప్పుడు ఓట్ల కాలం వచ్చిందంటే పెద్దమనుషులు ముందువాకిట్లో ఒక మాట, పెరట్లో ఇంకో మాట మాట్లాడేవాళ్ళు. పదేళ్ళ వయసులో, పెరట్లో చింతపండు గింజలు తీస్తూ ఒకటి, వీధిలో ఆడుకుంటూ ఇంకొకటి, ఆ రెండు మాటలూ నా చెవులతో విన్నాను. అప్పట్లో మేము కన్నడ సీమలో, సండూరు వైపు చోరనూరుకు అవతల ఒక పల్లెలో ఉండేవాళ్ళం. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం.

మా పక్కింటి అక్కకు పద్దెనిమిదేళ్ళకే పెళ్ళయింది. ఏడాది తిరక్కుండానే భర్త పోయాడు. నాలుగేళ్ళు తల్లి దగ్గరుండి, సండూరు గనుల్లో లారీ నడిపే ఒకతన్ని ఇష్టపడి మారుమనువు చేసుకుని, ఆ తల్లి ఇంట్లోనే కాపురం పెట్టింది. చట్టం ఒప్పుకుని ఎన్నో ఏళ్ళయినా మా వీధి మాత్రం ఒప్పుకోలేదు. ఆమెను పేరంటాలకు పిలవడం మానేశారు. నిజం చెప్పాలంటే మొదట తలుపు వేసింది మా అవ్వే. మా చిన్నత్త సీమంతానికి వీధంతా పిలిచి, గోడ అవతలి అక్కను మాత్రం వదిలేసింది. ఆ రోజంతా అక్క ఇంట్లోంచి బయటికి రాలేదు.

కొన్నాళ్ళకు ఒక ఉదయం అక్కా, అతనూ బట్టలు ఆరేస్తూ దేనికో నవ్వుకోవడం అవ్వ గోడ మీదుగా చూసింది. అవ్వ ముప్పై ఏళ్ళకే తాతను పోగొట్టుకున్న మనిషి. ఆ పూట అన్నం ముట్టలేదు. మర్నాడు పక్కింటికి వెళ్ళి, తాను చేసింది తప్పని అక్కకు చెప్పి వచ్చింది. మా అవ్వ ఒకరి దగ్గర తప్పు ఒప్పుకోవడం నేను చూసింది అదొక్కసారే.

ఆ ఏడాదే ఊళ్ళో ఇల్లు లేనివాళ్ళకు స్థలాలు ఇస్తామన్నారు. పట్టికలో అక్కావాళ్ళ పేరు రాలేదు. ఎన్నికలు దగ్గర పడ్డాయి. నిలబడినవాళ్ళు ఇద్దరు. ఒకాయన పెద్దరైతు, ఇంకొకాయన ఎదుటి పార్టీ తరఫున నిలబడిన కిరాణా అంగడాయన. ఇద్దరూ వేర్వేరు రోజుల్లో పెరటి దోవన వచ్చి, మాకేం అడ్డం లేదమ్మా, ఊరు ఒప్పుకోవాల గదా అని అక్కకు చెప్పారు. వీధి మొగదల మగవాళ్ళ మధ్య కూర్చున్నప్పుడు మాత్రం, ఇట్లాంటి పెళ్ళిళ్ళు మా హయాంలో సాగనియ్యం అన్నారు. నేను విన్నదంతా అవ్వకు చెప్పాను.

అవ్వ ఎవరితోనూ గొడవ పడలేదు. పది రోజులు నన్ను వెంటబెట్టుకుని ఇంటింటికీ తిరిగింది. ఒక ఇంట్లో మిరపకాయల తొడిమలు తీసింది, ఇంకో ఇంట్లో జొన్నలు చెరిగింది. పని మధ్యలో ఒకే మాట అడిగేది, ఆ పిల్ల నీకేం కీడు చేసింది అని. చాలామంది కాసేపు ఆలోచించి, నాకేం లేదు గానీ పక్కోళ్ళు ఏమనుకుంటారో అనేవాళ్ళు. ఆ పక్కింట్లో అడిగితే వాళ్ళూ ఇదే మాట. వీధిలో సగం మంది, మిగతా సగానికి భయపడి కోపం నటిస్తున్నారని నాకు అప్పుడు తెలిసింది. ఒకరిద్దరు నిజంగానే ఒప్పుకోలేదు. వాళ్ళతో అవ్వ వాదించలేదు. మిగిలినవాళ్ళను మాత్రం, సోమవారం పొద్దున మా అరుగు మీదికి వచ్చి కూర్చోండి, మాట్లాడకపోయినా ఫరవాలేదు అని పిలిచింది.

సోమవారం అరుగు నిండింది. జాగా చాలక కొందరు నేల మీద కూర్చున్నారు. ఓట్లకోసం తిరుగుతున్న ఆ ఇద్దరినీ అవ్వ విడివిడిగా ఒకే గడియకు కాఫీకి రమ్మంది. ఒకాయన వచ్చి కూర్చున్న కాసేపటికి రెండో ఆయన వచ్చాడు. ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అవ్వ అక్కను లోపలినుంచి పిలిచి తన పక్కన కూర్చోబెట్టుకుని, ఈ పిల్లకూ మొగుడికీ స్థలం రాయిస్తారా లేదా అని అడిగింది.

పెద్దరైతు గొంతు సవరించుకుని, ఊరు ఒప్పుకుంటే మాకేమి అన్నాడు.

"ఊరంటే ఎవరప్పా? ఈడ కూచున్నోళ్ళు ఊరు కాదా?" అంది అవ్వ.

అంగడాయన కళ్ళు అరుగంతా ఒకసారి తిరిగి వచ్చాయి. రాయిస్తానన్నాడు. వెంటనే పెద్దరైతు, నేను మొదటినుంచీ చెప్తాండేది అదే గదా అన్నాడు. ఆడవాళ్ళు నవ్వు ఆపుకోలేకపోయారు. గెలిచింది ఆ పెద్దరైతే. అక్కావాళ్ళకు స్థలం వచ్చింది, కాగితంలో ఇద్దరి పేర్లూ ఉన్నాయి.

నాకు మాత్రం ఒళ్ళు మండింది. ఇద్దరూ అబద్ధాలకోరులు కదా, ఎందుకు ఊరుకున్నావని అడిగాను. అవ్వ నా జడ వేస్తూ నెమ్మదిగా చెప్పింది. "వాళ్ళు ముందు నడిచేవాళ్ళు కాదు పాపా. మనం యాడ నిలబడుకుంటే ఆడికొస్తారు. మనమే ఇంట్లో దాక్కుంటే వాళ్ళు యాడికి రావాల?"

ఆ మాట నాకు ఇన్నేళ్ళ తర్వాత పూర్తిగా అర్థమైంది.

మా పెద్దకూతురి కూతురు బెంగళూరులో ఉద్యోగం చేస్తుంది. ఆరేళ్ళుగా హొసపేట పిల్ల ఒకామె, నర్సు, తనతోనే ఉంటోంది. ఇద్దరూ పెళ్ళి చేసుకోవాలనుకుంటున్నామని చెప్పిన రోజు మా కూతురు ఏడ్చింది. అల్లుడు మాటలు మానేశాడు. నేను తిట్టలేదు, ఏడవలేదు. నాలుగు నెలలు ఫోన్ ఎత్తలేదు, అంతే. అది కూడా తలుపు వేయడమేనని నాకు తోచలేదు.

తర్వాత నా మనవరాలికి ఉన్నట్టుండి కడుపునొప్పి వచ్చి ఆపరేషన్ అవసరమైంది. ఆరేళ్ళుగా తనతో ఒకే ఇంట్లో ఉంటున్న పిల్ల సంతకం పెడతానంటే, ఆసుపత్రివాళ్ళు నువ్వు ఏమవుతావని అడిగి పక్కకు పంపారట. మా అల్లుడు సండూరులో బస్సెక్కి అక్కడికి చేరేదాకా నా మనవరాలు నొప్పితో పడి ఉంది. ఆ పిల్ల వరండాలో నిలబడే ఉంది. ఆ సంగతి చెప్తూ మా అల్లుడే కళ్ళు తుడుచుకున్నాడు. నేను ఆ రోజే ఫోన్ చేశాను. ఆ నర్సు పిల్లకు ముందు క్షమాపణ చెప్పాను, తర్వాత నా మనవరాలికి చెప్పాను.

పెద్దకోర్టు ఇట్లాంటి పెళ్ళిళ్ళ సంగతి చట్టం చేసేవాళ్ళే తేల్చాలని చెప్పేసింది. చట్టం చేసేవాళ్ళు ఓట్లకు మా గడపకే వస్తారు. మొన్నటి ఎన్నికలప్పుడు వచ్చారు కూడా. ఒక పార్టీ నాయకుడు, ఇదివరకు ఇది మన సంస్కృతి కాదని మైకులో అరిచినవాడు, నేను అడిగితే గొంతు తగ్గించాడు. కాలం మారుతాండాది అమ్మా, మా పెద్దోళ్ళూ ముందులాగా మాట్లాడ్డంలేదు, కానీ ఇప్పుడు నలుగుర్లో అడగొద్దండి అన్నాడు. ఇంకో పార్టీ నుంచి వచ్చిన చదువుకున్న అమ్మాయి, అందరికీ సమాన గౌరవం అని మా కాగితంలో రాసినాం చూడండి అని చూపించింది. పెళ్ళి అనే మాట యాడుందని అడిగాను. పార్టీలో ఇంకా చర్చ జరుగుతోందంది. ఒకప్పుడు కాదన్నవాళ్ళు ఇప్పుడు మెత్తగా గొణుగుతున్నారు, ఎటైనా తిప్పుకునే మాటలు రాసుకుంటున్నారు. నాకు కోపం రాలేదు. వీళ్ళు కదులుతున్నారని అర్థమైంది. కదిలేదాకా కదిలించాల్సింది మేమే.

మోకాళ్ళ నొప్పులతోనే మా వీధిలో ఇంటింటికీ తిరిగాను. ఒకావిడ గ్లాసు నీళ్ళు కూడా ఇవ్వకుండా పంపేసింది. ఇంకొకావిడ విని నన్ను లోపలికి పిలిచి కూర్చోబెట్టింది. తర్వాత, మా తమ్ముడు పెళ్ళి వద్దని వద్దని ఒంటరిగానే పోయినాడక్కా, ఎందుకని మేము ఒక్కరోజూ అడగలేదు అంది. ఒక రిటైర్డ్ మాస్టారు తన కొడుకుదీ ఇదే సంగతని గుమ్మం దాటి వచ్చి రోడ్డు మీద చెప్పాడు, ఇంట్లో భార్యకు వినపడకుండా. ఆయన భార్య మర్నాడు మా ఇంటికి వచ్చి అదే సంగతి చెప్పింది.

మాకు దగ్గర్లోని తారానగర్‌లో గొంతు తగ్గించిన ఆ నాయకుడు సభ పెట్టినప్పుడు, వీధివాళ్ళతో కలిసి మేము పదకొండు మందిమి వెళ్ళాం. మా అల్లుడూ వచ్చాడు. హొసపేట పిల్ల సెలవు పెట్టి వచ్చి నా పక్కన కూర్చుంది. మనవరాలు దానికి అటు పక్కన. ప్రశ్నలడగమన్నప్పుడు లేచి మైకు తీసుకున్నాను. ఆడపిల్లలిద్దరు పెళ్ళి చేసుకుంటామంటే మీ పార్టీ ఒప్పుకుంటుందా లేదా, ఒక్కమాట చెప్పమన్నాను. సభలో ఎవరో నవ్వారు, ఎవరో ఈల వేశారు. మావాళ్ళు మిగతా పది మందీ లేచి నిలబడ్డారు. వెనకాల ముక్కూమొహం తెలియని ఇద్దరు కుర్రాళ్ళు కూడా లేచారు.

నాయకుడు పైవాళ్ళకు చెప్తానన్నాడు. అది ఒప్పుకోవడం కాదని నాకు తెలుసు. కానీ మైకులో కాదనడానికి ఈసారి ఆయనకు నోరు రాలేదు. సభ అయ్యాక మా దగ్గరికి వచ్చి నమస్కారం పెట్టి, నా పక్కనున్న నర్సు పిల్లను చూసి, ఈ పాప ఎవరమ్మా అని అడిగాడు. చుట్టూ జనం ఉన్నారు. ఆ పిల్ల తల వంచుకుంది. నేను దాని చెయ్యి పట్టుకున్నాను.

"నా మనవరాల్ని పెళ్ళాడబోయే పిల్లప్పా" అన్నాను, అందరికీ వినపడేటట్టు.

ఏదో ఒకరోజు ఈ నాయకుడే మా గడపకు వచ్చి, నేను మొదటినుంచీ చెప్తాండేది అదే గదా అంటాడు. అననీ. ఆ రోజు దాకా నేను వాళ్ళు చూసే చోటనే నిలబడి ఉంటాను.