మా అత్త నేలమీద కూర్చుని కొన్న మంచం

మగ్గం ఆడుతున్నప్పుడు ఫోన్ మోగితే మాకు వినపడదు. అందుకని వెలుగు కనపడేటట్టు దాన్ని ఎదురుగా గూట్లో నిలబెట్టుకుంటాము. పోయిన నెల ఒక పొద్దున ఆ వెలుగు వచ్చింది. పెనుకొండ నుంచి మా ఆడబిడ్డ. "వదినా, అమ్మ పోయింది" అంది. కూతురింట్లో నాలుగు రోజులుండి వస్తానని వెళ్ళిన మా అత్త, కాఫీ తాగి, గ్లాసు కడిగి బోర్లించి, ఇంకాసేపు నడుం వాలుస్తానని పడుకుని మరి లేవలేదట. నేను అడ్డపోగు నడిపే నాడె చేతిలో పట్టుకునే పక్కకు తిరిగాను. మగ్గంలో నా పక్క చోటు ఖాళీగా ఉంది. మీకు చెప్పాలనుకుంటున్నది ఆ చోటు సంగతే.

ఏడుస్తూ రాస్తే మా అత్తకు గిట్టదు. పండగపూట ముక్కు చీదే మనుషులంటేనే ఆమెకు మంట. పైగా ఆమె ఓడిపోయి వెళ్ళిన మనిషి కాదు. అనుకున్నది సాధించి, సాధించినదాన్ని ధర్మవరంలో కనపడినవాళ్ళందరికీ చెప్పుకుని, తృప్తిగా వెళ్ళింది. చెప్పిన ప్రతిసారీ కథ కొంచెం పెరిగేది. నేను పెంచకుండా చెప్తాను.

మాది పట్టుచీరల ఇల్లు. ముందు గదిలో గుంత మగ్గం. నేలలో తవ్విన గుంతలోకి కాళ్ళు వేలాడేసి, నేల మట్టాన కూర్చుని నేస్తాము. పెద్ద అంచు చీరకు ఇద్దరు కావాలి. కాళ్ళతో తొక్కి, నాడె విసిరి, బుటా తప్పకుండా చూసుకునే చోటు ఒకటి. పక్కన కూర్చుని అంచు నాడె అందుకుని తిరిగి విసిరే చోటు ఇంకొకటి. మా మామ బతికున్నన్నాళ్ళు తొక్కే చోటు ఆయనది, పక్క చోటు మా అత్తది. ఆయన పోయాక ఆమె తొక్కే చోటుకు మారింది. నేను కోడలిగా వచ్చి పక్క చోట కూర్చున్నాను. పని నేర్పేటప్పుడు ఆమె తిట్టిన తిట్లు మా పుట్టింటివాళ్ళు వినుంటే హిందూపురం నుంచి వెంటనే రైలెక్కి వచ్చేవాళ్ళు. మెచ్చుకోవడంలో మాత్రం పిసినారి. చీర కోసి, మడత విప్పి, కిటికీ దగ్గర వెలుగులో పెట్టి చూసి "పర్వాలా" అంటే అది మాకు సన్మానం కిందే లెక్క.

నేను కానుపుకు పుట్టింటికి వెళ్ళినప్పుడు మగ్గం ఆగిపోయింది. మా ఆయనకు ఎర్రమంచి దగ్గర కార్ల ఫ్యాక్టరీలో పని. ఇల్లు గడవడానికి ఆ జీతం చాలు. పాప పుట్టిన మూడో నెలలో ఆయన ఫోన్‌లో ఒక మాట అన్నాడు. మగ్గం మీదున్న పడుగు పోగులు అయిపోగానే మగ్గం విప్పేసి గుంత పూడ్చేద్దాం, ఆ గది పాపకు ఉంచుదాం అని. చెడ్డ ఉద్దేశంతో అన్న మాట కాదది. ఇద్దరూ మగ్గంలో ఉంటే బిడ్డ ఎంత ఏడ్చినా వినపడదని ఆయన భయం. మగ్గం పక్కనే పెరిగిన మనిషి, ఆయన భయం ఉత్తది కాదు.

నేను చేతులారా నేర్చుకున్నది ఆ ఒక్క పని. నా బిడ్డ కావాలి, నా మగ్గమూ కావాలి. ఆ మాట బయటికి అంటే తల్లివేనా నువ్వు అంటారేమోనని గమ్మున ఉన్నాను.

ఆ సాయంత్రమే మా అత్త రైలెక్కి హిందూపురం వచ్చింది. మా అమ్మ ఇచ్చిన మజ్జిగ తాగి, పాపను ఒళ్ళో వేసుకుని, నా మొగం చూసింది. నేనేమీ చెప్పకుండానే అర్థమైపోయింది.

"బిడ్డ లోపలికొస్తే మగ్గం బయటికి పోవల్లనా? ఇద్దురూ ఆడనే ఉంటారు. వాడు చెప్పిందీ నిజమే, ఏడిస్తే ఇనపడదు. ఇనపడకపోతే కనపడాల, అంతే" అంది.

పాత ఇంట్లో అయితే దూలానికి చీర కట్టి ఉయ్యాల వేసేవాళ్ళు. మా ఆయనను అట్లాగే పెంచింది. ఇప్పుడు స్లాబు ఇల్లు, దూలమూ లేదు కొక్కెమూ లేదు. కాబట్టి పిల్ల మంచం కొనాలి. ఉయ్యాల పెట్టాల్సింది పుట్టింటివాళ్ళు కదా అని మా అమ్మ నొచ్చుకుంది. పెట్టేది మీరే అక్కా, ఏరేది మాత్రం మేము, మగ్గంలో కూర్చునేది మేము కదా అని మా అత్త తేల్చేసింది.

మరుసటి రోజు పాపను అమ్మకు అప్పగించి ఇద్దరం బజారుకు వెళ్ళాము. ముందు కూరగాయల అంగట్లో ఆగి ఆమె ఒక సొరకాయ బేరమాడింది. ఇప్పుడు సొరకాయ ఏంటికత్తా అంటే సంచిలో వేసుకుని ముందుకు నడిచింది. ఫర్నిచర్ షాపులోకి పోయాక తెలిసింది. ఖాళీ ఉయ్యాల ఊపకూడదని పెద్దలు అంటారు కదా. ఊపకుండా కొనలేము. అందుకని సొరకాయను తువ్వాలులో చుట్టి, మెడ కింద చెయ్యి పెట్టి, తెల్లరంగు వేసిన ఎత్తు మంచంలో మెల్లగా పడుకోబెట్టింది. తర్వాత అంత పెద్ద షాపులో, నలుగురూ చూస్తుండగా, నేలమీద చతికిలపడి కూర్చుంది. కాళ్ళు ముందుకు చాపి, చేతులు మగ్గం మీద పెట్టినట్టు పెట్టి, లేని నాడెను ఇటూ అటూ విసురుతూ మంచం వైపు చూసింది.

"బిడ్డ కనపడదప్పా" అంది.

షాపాయన మర్యాదస్తుడు. నిలబడితే బాగా కనపడుతుందమ్మా, మంచి కంపెనీది, చక్రాలు కూడా ఉన్నాయి అన్నాడు.

"మేము నిలబడి బతికేవాళ్ళం కాదప్పా" అంది మా అత్త. ఆయన నవ్వి ఇంకో మంచం చూపించాడు, ఇంకొకటి చూపించాడు. ప్రతిదాని ముందూ ఆమె కూర్చుంది. ప్రతిదాంట్లోనూ సొరకాయ పడుకుంది. చివరికి ఆయన కూడా మా పక్కన కూర్చుని చూసి, నిజమేనమ్మా కనపడదు అని ఒప్పుకుని, సోడా తెప్పించాడు. నాకు సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది. అదే సమయంలో నవ్వూ ఆగలేదు. పాప పుట్టాక నేను అంతగా నవ్వింది ఆ రోజే.

తిరుగు దారిలో మా అత్త సొరకాయను ఒళ్ళో పెట్టుకునే రైల్లో కూర్చుంది, పెనుకొండలో దిగింది. అక్కడ ఒక అంగట్లో మా ఆడబిడ్డ మడత మంచం చూసిపెట్టింది. చుట్టూ వల గుడ్డ ఉంటుంది, అన్ని వైపుల నుంచీ కనపడుతుంది అని ఫోన్‌లో ఊరించింది. మా అత్త కూర్చుని చూసింది, కనపడింది. మోచేత్తో ఒక్క పోటు పొడిచింది. మంచం ఠక్కున ముడుచుకుంది, సొరకాయ దొర్లుకుంటూ వాకిట్లోకి పోయింది. దాన్ని ఏరి తెచ్చి దుమ్ము తుడిచి, "దెబ్బ తగల్లేదులే" అని దానికే చెప్పింది. ఇవన్నీ ఆడబిడ్డ చెప్తే విన్నవి. ఆమె ఇప్పటికీ ఆ మాట గుర్తొచ్చి నవ్వుతుంది, మొన్న ఏడ్చింది కూడా.

ఆఖరికి దొరికింది ధర్మవరంలోనే, మా ఇంటికి రెండు వీధుల అవతల, పాత సామాన్ల అంగట్లో. టేకు మంచం, నాలుగు వైపులా సన్న కడ్డీలు, రంగు ఊడిపోయింది. కాళ్ళు మాత్రం ఎత్తు. ఆమె కూర్చుని చూసి, ఎక్కడిదాకా కోయాలో మంచం కాలి మీద గోటితో గీత గీసి, ఎదురుగానే ఉన్న వడ్రంగి చేత నాలుగు కాళ్ళూ కోయించింది. మళ్ళీ కూర్చుని చూసింది. పడుకున్న సొరకాయ కంటికి సరిగ్గా ఎదురుగా వచ్చింది. ఆ రోజు రాత్రి సొరకాయ పులుసు వండిందట. మా అమ్మకు ఫోన్ చేసి, "మంచం దొరికిందక్కా, దుడ్లు నువ్వు ఇయ్యి, పులుసు నేను తింటాండా" అంది.

ఐదో నెలలో పాపతో ఇంటికి వచ్చాను. మగ్గానికీ గోడకూ మధ్య, తొక్కే చోటుకు ఎడమ పక్కన, మంచం కొలిచినట్టు అమరింది. పాపను పడుకోబెట్టాము. మా ఆయన గుమ్మంలో చేతులు కట్టుకుని నిలబడ్డాడు. మా అత్త తన చోట కూర్చుంది, నేను పక్క చోట కూర్చున్నాను. ఎడమకు తిరిగి చూశాను.

నాకు మా అత్త భుజం కనపడింది. దాని వెనక మంచం కాలు కనపడింది. పాప కనపడలేదు.

మూడు ఊర్లలో అన్ని అంగళ్ళలోనూ నేలమీద కూర్చుని చూసిన మనిషి, ప్రతిసారీ తన చోట కూర్చున్నట్టే కూర్చుంది. నేనెక్కడ కూర్చుంటానో అనుకోనేలేదు. కుడిపక్క పెడదామంటే గోడ అంటుకుని ఉంది, మంచం పట్టదు. అత్తకు కనపడుతుంది గానీ, బిడ్డ నా కంట్లో లేకపోతే నా చెయ్యి ఆడదు, మగ్గం పోయినట్టే అని నాకు అర్థమైపోయింది. కళ్ళలో నీళ్ళు వచ్చాయి.

మా అత్త నా వైపు చూసింది. మంచం వైపు చూసింది. రెండు చేతులూ నేలకు ఆనించి గుంతలోంచి లేచింది.

"జరుగు" అంది.

ఎక్కడికి జరగాలో నాకు అర్థం కాలేదు.

"ఈ పక్కకు రా. తొక్కేది నువ్వు, చూసేది నువ్వు. నేను అందిస్తా" అంది.

వద్దత్తా, అది నీ చోటు, మామ చోటు అన్నాను. నాకు ఇంకా బుటా నిలకడగా రాదన్నాను. ఆమె అప్పటికే నా చోట దిగి కూర్చుని, కొంగు బిగించి, చెయ్యి చాపి ఉంది. "ఎయ్యి నాడె" అంది. వేశాను. ఆ రోజు వచ్చినన్ని తప్పులు నా జన్మలో రాలేదు, రెండు వేళ్ళ నేత విప్పి మళ్ళీ నేయాల్సి వచ్చింది. ఆమె ఒక్క తిట్టూ తిట్టలేదు. దానికి నాకు ఇంకా భయం వేసింది. పాప మాత్రం నా కంటికి ఎదురుగా కడ్డీల మధ్య నుంచి పిడికిలి బయటపెట్టి పడుకుంది. మా ఆయన కాసేపు చూసి లోపలికి వెళ్ళాడు. గుంత పూడ్చే మాట ఆ తర్వాత ఆయన నోట మళ్ళీ రాలేదు.

చోటు మారాక మా అత్తకు పాప కనపడేది కాదు. అందుకని నాలుగు పోగులకొకసారి అడిగేది, "ఏం చేస్తాంది?" అని. నిద్రపోతాంది అత్తా. కాళ్ళాడిస్తాంది అత్తా. బొటనేలు చీకుతాంది అత్తా. నేను కళ్ళతో చూసి చెప్పేదాన్ని, ఆమె విని తలూపి అంచు నాడె విసిరేది. పడుగు అయిపోయిన రోజు ఎవరినీ అడక్కుండా కొత్త పడుగు తెప్పించింది. ఇద్దరం కూర్చుని పాత పోగుల చివర్లకు కొత్త పోగులు అతికాము. ఆ సాయంత్రం వీధంతా పంచేటన్ని బెల్లం పూర్ణం ఓళిగలు చేసింది. ఏం పండగమ్మా అని అడిగినవాళ్ళకు, "మా కోడలు తొక్కుతాంది" అని చెప్పింది. "పర్వాలా" కంటే పెద్ద మాట ఆమె నోట విన్నది అప్పుడే.

తర్వాత ఒకసారి ధైర్యం చేసి అడిగాను. నిజంగా నా చోటు మరిచిపోయావా, లేక కావాలనే అట్ల చేశావా అని. "మరిచిపోతినే, ముసలిదాన్ని" అంది. పదేళ్ళ కిందట ఏ చీరకు ఏ రంగు అంచు వేశామో చెప్పగలిగిన మనిషి. నేను నమ్మలేదు. ఆమె తప్పు ఒప్పుకోవడం అదొక్కసారే కాబట్టి అసలే నమ్మలేదు.

పాప ఆ మంచం దాటి పెరిగింది, బడికి పోతోంది. మంచం మాత్రం ఖాళీగా ఉండలేదు. మగ్గాలున్న ఇళ్ళలో బిడ్డ పుడితే అడిగి తీసుకుపోయేవాళ్ళు, ఒకసారి బత్తలపల్లి దాకా వెళ్ళి వచ్చింది. ఎవరికిచ్చినా మా అత్త వెంట పోయేది. వాళ్ళ మగ్గంలో కూర్చుని చూసేది. ముందు బిడ్డ తల్లి ఎక్కడ కూర్చుంటుందో అడిగేది.

కర్మలు అయిన మరుసటి వారం వెనక వీధి పిల్ల ఒకామె వచ్చింది. మూడు నెలల బిడ్డ, మగ్గంలోకి మళ్ళీ దిగుతోంది. మైల దినాలు ఇప్పుడే అయినాయి, అడగొచ్చో లేదో అక్కా అని గుమ్మంలోనే ఆగిపోయింది. మంచం నేనే తీశాను. ఆమె తమ్ముడు బండి తెస్తానన్నా వినకుండా తలమీద పెట్టుకుంది. కోసిన నాలుగు కాళ్ళూ ఆకాశం వైపు లేపుకుని మా అత్త మంచం ధర్మవరం వీధిలో ఊరేగుతున్నట్టు పోయింది. నేను వెనకే వెళ్ళాను, వెళ్ళాల్సిన పని ఇప్పుడు నాది.

వాళ్ళ మగ్గం పక్కన మంచం పెట్టాము. బిడ్డను పడుకోబెట్టాము. ఆ పిల్లను తొక్కే చోట కూర్చోమన్నాను. పక్క చోట నేను దిగాను. అక్కడి నుంచి ఎడమకు తిరిగి చూస్తే నాకు ఆ పిల్ల భుజం, దాని వెనక మంచం కాలు తప్ప ఏమీ కనపడలేదు. మా పాప మంచంలో ఉన్నన్నాళ్ళూ మా అత్త చూసింది ఇదే.

"ఏం చేస్తాంది?" అని అడిగాను.

ఆ పిల్ల మంచం వైపు తిరిగింది. "నవ్వుతాంది అక్కా" అంది. నాడె విసిరింది. నేను చెయ్యి చాపి అందుకున్నాను.