గొట్టాల కింద పరిచిన కరపత్రం

మోటార్ల బాబాయి పోయారని పిన్ని ఫోన్ చేసినప్పుడు నేను పళ్లు తోముకుంటున్నాను. "సరే పిన్నీ, వస్తున్నాను" అని ఫోన్ పెట్టేసి, మిగతా పళ్లు కూడా తోముకున్నాను. ఇది రాస్తున్నది తొమ్మిదో రోజున. ఇప్పటికీ నాలో ఏదీ కదల్లేదు. ఆయన గురించి మీకు చెబితేనైనా కదులుతుందేమోనని కూర్చున్నాను.

ఆయనా, ఆయన భార్య పిన్నీ మాకు చుట్టాలు కారు, పిలుపుకే ఆ వరసలు. కొవ్వూరులో మా వీధి చివర షెడ్డులో పొలం మోటార్లు బాగుచేసేవారు. కాలవలకి నీళ్లు కట్టేసే రోజుల్లో రైతులంతా ఆ షెడ్డు ముందే ఉండేవారు. వాళ్లెంత తొందరపెట్టినా మోటారుని ముందు చేత్తో తిప్పి, చెవి ఆనించి విన్నాకే విప్పేవారు. ఆదివారం తెల్లచొక్కా వేసుకుని చర్చికి వెళ్లినా గోళ్లలో గ్రీజు పోయేది కాదు. కూలీల తరఫున నేను పంచే కరపత్రాలన్నీ తీసుకుని జేబులో పెట్టుకునేవారు. చదివేవారా అంటే నాకు తెలియదు, నేనెప్పుడూ అడగలేదు.

ఈ వేసవిలో ఆయనతో గొడవ పడ్డాను. నాట్లు వేసే ఆడవాళ్ల కూలి మీద మేం నలుగురం ఒక వీడియో తీశాం. దాన్ని ఎడిట్ చేస్తుంటే మా రేకుల గదిలో నా కంప్యూటర్ వేడెక్కి ఆగిపోయేది. నీళ్లతో చల్లబరిచే ఏర్పాటు పెట్టాలనుకున్నాను. అందులో రెండు రకాలున్నాయి. ఒకటి కంపెనీయే నీళ్లు నింపి సీలు వేసి అమ్మేది. బిగించుకుంటే చాలు, విప్పడానికి ఉండదు. రెండోది పంపు, రేడియేటర్, చిన్న ట్యాంకు, గొట్టాలు విడివిడిగా కొని మనమే అమర్చుకునేది. నాకైతే సందేహమే లేదు. విప్పడానికి వీల్లేని వస్తువు మనది కాదని ఏదో పుస్తకంలో చదివి, పదిమందికి చెప్పినవాణ్ణి. బతుకంతా మోటార్లు విప్పిన మనిషి కాబట్టి నన్నే బలపరుస్తారని షెడ్డుకి వెళ్లాను.

ఆయన రెండింటి బొమ్మలూ ఫోన్లో చూసి, సీలు వేసిందే కొనుక్కోమన్నారు.

"విప్పేదానికి ఓపిక కావాల్రా. చూసుకుంటా ఉండాలి, నీళ్లు మార్చాలి. నీకు నట్టు బిగించే ఓపిక కూడా లేదు."

నాకు తిక్క రేగింది. అక్కడున్న రైతుల ముందే ఆయన్ని కంపెనీల ఏజెంటు అన్నాను. ఆయన చేతిలో మోటారుని ఇంకోసారి తిప్పి విన్నారు. నెల రోజులు నేను ఆ షెడ్డు వైపు వెళ్లలేదు.

విడిభాగాలే తెప్పించాను. సీసా నీళ్లు కొనకూడదన్న పట్టుదలతో, కుళాయిలో వచ్చే గోదావరి నీళ్లని గుడ్డలో వడగట్టి పోశాను. స్విచ్చి వేయగానే పంపు గరగరమంది. గొట్టాల్లో నీళ్లు కదల్లేదు. రెండు రోజులు తంటాలు పడి, చివరికి షెడ్డు గుమ్మంలో నిలబడ్డాను.

"ఏంటి, ఏజెంటుతో పని పడిందా?" అన్నారు బాబాయి.

ఆ మాట అప్పుడే వెనక్కి తీసుకోవలసింది. "గాలి పట్టేసింది బాబాయ్" అని మాత్రం అన్నాను.

సాయంత్రం మా ఇంటికి వచ్చారు. ట్యాంకులోకి తొంగిచూసి నవ్వారు. గోదారి నీళ్లు మనం తాగడానికనీ, దీంట్లో పోస్తే పాచి పట్టేస్తుందనీ చెప్పి మొత్తం ఒంపించేశారు. ఇన్వర్టరు బ్యాటరీలో పోసే నీళ్లు తెచ్చి నింపారు. కంప్యూటరుకి కరెంటు ఇవ్వకుండా పంపుకి మాత్రం ఇచ్చి, పెట్టెని రెండు చేతులతో ఎత్తి మెల్లగా అటూ ఇటూ వంచారు. బుడగలు ఒక్కొక్కటే గొట్టాల్లోంచి ట్యాంకులోకి వచ్చి చిట్లిపోయాయి. గరగర ఆగిపోయింది. ఆయన చెవి ఆనించి చాలాసేపు విన్నారు.

తర్వాత జేబులోంచి నేనిచ్చిన కరపత్రమే ఒకటి తీసి, మడత విప్పి గొట్టాల కింద పరిచారు. నేను ముఖం మాడ్చుకోవడం చూశారు.

"నీ కాయితం మంచిదిరా. ఒక్క చుక్క పడినా దాచుకోదు, చెప్పేస్తాది. రేపు సాయంత్రం దాకా పంపు అలా తిరగనీ. నేనొచ్చి చూస్తాను. తడవకపోతే అప్పుడు కరెంటియ్యి."

ఆయన వచ్చినప్పుడు ఆ ఏజెంటు మాట గురించి చెబుదామనుకున్నాను. ఏమని చెప్పాలో కూడా అనుకుని పెట్టుకున్నాను. మర్నాడు పొద్దున్నే పిన్ని ఫోన్ వచ్చింది.

సమాధి దగ్గర అందరూ పాడుతున్నారు. నేను పెట్టె దించిన తాళ్లని చూస్తూ నిలబడ్డాను. మట్టి వేశాక పిన్ని నా దగ్గరికి వచ్చి చెయ్యి పట్టుకుంది.

"కాయితం తడిసిందా నాన్నా? పొద్దున్న కాఫీ తాగతా అదే అన్నారు. సాయంత్రం వాడి కాయితం చూసి రావాలని."

చూడలేదని చెప్పాను.

పంపు తిరుగుతూనే ఉంది. కరెంటు పోతే ఆగి, వస్తే మళ్లీ మొదలవుతుంది. వీడియో ఎక్కడిదక్కడే ఆగింది. మావాళ్లు ఫోన్లు చేసి ఇంకెప్పుడని అడుగుతున్నారు. చూస్తానన్నది ఆయన కాబట్టి నేను చూడలేదు.

ఇందాక ఈ పేరా రాస్తూ లేచి, కాయితాన్ని మెల్లగా బయటికి లాగాను. ఎక్కడా తడి లేదు. దీపం దగ్గర పెట్టి చూస్తే, ప్రతి వరుస కిందా వేలు నడిచిన సన్నటి గ్రీజు మరక ఉంది. మొదటి వరుస నుంచి చివరి వరుస దాకా.

మళ్లీ గొట్టాల కిందే పరిచాను.